పగ ఉన్న కత్తి, పగ లేని కత్తి: ఏ హాలోవీన్ చూడాలి?

“మామా, హాలోవీన్ అని కొడితే ఒకే పేరుతో మూడు సినిమాలు వస్తాండాయి. ఏది పెట్టమంటావ్?”

మిద్దె మీద ప్రొజెక్టర్‌కు వైర్లు తగిలిస్తూ మా మేనల్లుడు అడిగిన ప్రశ్న ఇది. మే నెల, కడప. రాత్రి తొమ్మిదైనా మిద్దె ఇంకా సెగలు కక్కుతోంది. నాలుగు బకెట్ల నీళ్ళు చల్లి, చాపలు పరిచి, బట్టలారేసే తీగకు మా వదిన తెల్ల దుప్పటి ఒకటి క్లిప్పులతో బిగించాం. అదే తెర. ఒక గిన్నెలో వేయించిన చెనిక్కాయలు, ఇంకో గిన్నెలో మసాలా బొరుగులు. జనం ఆరుగురం.

“1978ది పెట్టు” అన్నాను. ఎందుకో చెప్పలేదు. తర్వాత శనివారం 2007లో వచ్చిన రీమేక్ వేశాం. రెండూ అయ్యాక ముగ్గురం పాతదే అన్నాం, ఇద్దరు కొత్తదే అన్నారు, మా వదిన రెండూ దండగే అంది. ఆ వాదన ఇంకా తెగలేదు గానీ, ఎవరు ఏది చూడాలో నాకు ఒక అంచనా కుదిరింది.

ముందు ఆ మూడు హారర్ సినిమాల సంగతి చెప్తాను. 1978లో జాన్ కార్పెంటర్ తీసింది అసలు సినిమా. 2007లో రాబ్ జాంబీ తీసింది దాని రీమేక్. 2018లో డేవిడ్ గోర్డన్ గ్రీన్ తీసింది రీమేక్ కాదు. అది మొదటి సినిమా అయిన నలభై ఏళ్ళకు జరిగే కథ, మధ్యలో వచ్చిన భాగాలన్నీ లేనట్టే అనుకుని తీశారు. మూడింటికీ పేరు మాత్రం ఒకటే. అందుకని బొమ్మ చూసి నొక్కేయకుండా పక్కన సంవత్సరం చూసుకోండి. నా స్నేహితుడొకడు 2018ది ముందు చూసి, “ఆ ముసలామె ఇల్లంతా తుపాకులు పెట్టుకుని ఎందుకట్లా వణుకుతాంది?” అని నన్నడిగాడు. ఆమె భయానికి కారణం 1978లో ఉంది నాయనా అని చెప్పాల్సొచ్చింది.

కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో హాడన్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు, సినిమా కోసం పుట్టించిన ఊరు. 1963లో హాలోవీన్ రాత్రి ఆరేళ్ళ మైకేల్ మయర్స్ సొంత అక్కను కత్తితో పొడిచేస్తాడు. పదిహేనేళ్ళు పిచ్చాసుపత్రిలో నోరు తెరవకుండా కూర్చుని, తప్పించుకుని మళ్ళీ అదే ఊరికొస్తాడు. లారీ స్ట్రోడ్ అనే హైస్కూలు అమ్మాయి ఆ రాత్రి ఎవరింట్లోనో చిన్నపిల్లాణ్ణి చూసుకునే పనికి ఒప్పుకుని ఉంటుంది. మైకేల్ ఆమె వెంట పడతాడు. వాణ్ణి వెతుక్కుంటూ ఆసుపత్రిలో వాడికి వైద్యం చేసిన డాక్టర్ లూమిస్ వస్తాడు.

లారీ అని పేరు వినగానే మా బాబాయి, “లారీ వచ్చింది సరే, టిప్పర్ యాడ?” అన్నాడు. ఎర్రగుంట్ల రోడ్డు మీద సిమెంటు లారీలకు దారి ఇచ్చీ ఇచ్చీ అలవాటైన మా బోటివాళ్ళకు ఆ పేరు ఒంటబట్టడానికి పది నిమిషాలు పట్టింది.

ఇంకొకటి కూడా ముందే తెలిస్తే మంచిది. అక్టోబరు 31 రాత్రి అక్కడి పిల్లలు దయ్యాల వేషాలు కట్టుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. ఆ ఒక్క రాత్రి ముసుగేసుకుని వీధిలో నిలబడినవాణ్ణి ఎవరూ అనుమానించరు. మన పీర్ల పండక్కి పులివేషం కట్టినాయన వాకిట్లోకొస్తే లోపలున్నది ఎవరని అడుగుతామా? చిల్లర చేతిలో పెట్టి పంపిస్తాం. మైకేల్‌కు కావాల్సింది సరిగ్గా అలాంటి రాత్రి.

కత్తి పట్టినోడికి కారణం ఉండాలా?

సీమవాళ్ళం సినిమా చూసే తీరు ఒకటుంది. తెర మీద ఎవడైనా కత్తి పట్టాడంటే ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ రావాల్సిందే. జాతరలో నాన్నను నరికుంటారు, లేదా పెళ్ళిపందిట్లో బాంబు వేసుంటారు. మా ఊరి పేరు పెట్టుకుని వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల్లో పేలినన్ని సుమోలు మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. అది వేరే బాధ. కానీ వాటిని చూసీ చూసీ మా కంటికి ఒక లెక్క పడిపోయింది: పగ లేకుండా కత్తి లేవదు.

2007 రీమేక్ నడిచేది అచ్చంగా ఈ లెక్క మీదే. మైకేల్ ఇందులో పదేళ్ళ పిల్లాడు. తల్లి క్లబ్బులో బట్టలు విప్పి ఆడే పని చేస్తుంది. ఆమెతో ఉండే రోనీ అనేవాడు పొద్దున లేస్తూనే బూతులు మొదలుపెడతాడు. అక్కకు తమ్ముడంటే లెక్కలేదు. బడిలో పెద్ద పిల్లలు తల్లి పని గురించి ఏడిపిస్తారు. వీడు చిన్న చిన్న జంతువుల్ని చంపడంతో మొదలుపెట్టి మనుషుల దాకా వస్తాడు. ఆసుపత్రిలో చేరాక కాగితం గుజ్జుతో ముసుగులు చేసుకుంటూ కూర్చుంటాడు. చూస్తుండగా వాడి గది గోడల నిండా ముసుగులే. తల్లి వచ్చి ఎదురుగా కూర్చుంటుంది, వాడు మెల్లమెల్లగా మాట్లాడటం మానేస్తాడు. అసలు సినిమాలో ఐదారు నిమిషాల్లో దాటేసిన బాల్యం ఇక్కడ దాదాపు సగం సినిమా.

ఇది చాలదన్నట్టు రీమేక్‌లో మైకేల్‌కూ లారీకీ చుట్టరికం కూడా కలిపారు. 1978 సినిమాలో అది లేదు, 1981లో వచ్చిన రెండో భాగంలో పుట్టింది. రీమేక్ దాన్ని తెచ్చి మొదటి కథలోనే కుట్టేసింది. ఆ చుట్టరికం ఏమిటో నేను చెప్పను. మన సినిమాలు చూసినవాళ్ళు పదో నిమిషంలో కనిపెట్టేస్తారు.

మా ఇంట్లో కింద అద్దెకుండే టీచరమ్మకు రీమేకే నచ్చింది. తల్లీ కొడుకుల సీన్లప్పుడు ఆమె చేతిలో బొరుగులు అలాగే ఉండిపోయాయి. “వాడూ పిల్లోడే కదా సార్. బళ్ళో ఎవరైనా ఒకరు పిలిచి పలకరించింటే ఇంత దూరం వచ్చేది కాదేమో” అంది. ఆమె చెప్పింది తప్పని నేననలేను. ఆ పిల్లాడి వేషం వేసిన అబ్బాయి కూడా బాగా చేశాడు. ముసుగుల గది సీన్లు ఈ రీమేక్‌లో నాకు బాగా నచ్చిన భాగం.

ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. బాల్యానికి అంత సమయం ఇచ్చాక, 1978 సినిమా మొత్తాన్నీ మిగిలిన సగంలో ఇరికించాలి. లారీ మనకు పరిచయమయ్యేలోపే ఆమె వెనక పరుగు మొదలవుతుంది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా స్నేహితుడు ఒక్క మాటలో తేల్చేశాడు: “ఓవర్‌లోడు. ఘాట్ ఎక్కలేకపోయింది.”

ఇక 1978ది. ఇందులో వాడు ఎందుకు చంపుతాడో ఎవరికీ తెలీదు. పదిహేనేళ్ళు వైద్యం చేసిన లూమిస్ చెప్పేది కూడా ఒకటే, వాడిలో చెడు తప్ప ఇంకేమీ లేదని. టైటిల్స్‌లో ముసుగు పాత్రకు మైకేల్ అని కాకుండా ‘ద షేప్’ అని వేశారు. అంటే వట్టి ఆకారం.

ఆ రాత్రి సినిమా అయిపోయాక మా బాబాయి అడిగిన ప్రశ్న ఇదే.

“వానికి ఈళ్ళతో ఏం పగ రా అబ్బీ?”

“ఏ పగా లేదు బాబాయ్.”

“ఊరికే సంపుతాడా?”

“ఊరికే.”

కాసేపు చెనిక్కాయలు ఒలుచుకుంటూ ఉన్నాడు. తర్వాత, “అట్లయితే మనింటికి కూడా రావచ్చు గదా” అన్నాడు.

నేను పాత సినిమా వైపు మొగ్గడానికి కారణం బాబాయి అన్న ఆ మాటే. పగ ఉందంటే దానికో హద్దుంటుంది. వాళ్ళకూ వాళ్ళకూ తగాదా, మనకేంలే అనుకుని నిద్రపోవచ్చు. రీమేక్ చూస్తే జాలి కలుగుతుంది, కడుపులో తిప్పుతుంది, కానీ ఇంటికొచ్చాక వెంట ఎవరూ రారు. పాతదాంట్లో వాడు లారీని ఎంచుకోవడానికి పెద్ద కారణమేమీ కనబడదు. ఆమె పొద్దున బడికి పోతూ తాళంచెవి పెట్టడానికి వాళ్ళ పాతింటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది, వాడు లోపల్నించి చూశాడు.

రక్తం ఎంత, ఎదురుచూపు ఎంత

పాత సినిమాలో చనిపోయేది ఐదుగురు. అందులో ఒకరి శవమే కనిపిస్తుంది, చంపడం చూపించరు. రక్తం ఎంత తక్కువంటే, మా మేనల్లుడు గంట కాకముందే గొణగడం మొదలుపెట్టాడు. “మామా, మొదట్లో అక్కను పొడిచింది తప్ప ఇంతసేపూ కండ్ల ముందర ఒక్కడు కూడా సావలేదే” అని ఫోన్ తీశాడు. వాడికి నచ్చింది రీమేక్. అందులో చావులు డజను దాటిపోతాయి. మైకేల్ వేషం వేసిన టైలర్ మేన్ మాజీ రెజ్లర్, ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి. తలుపును పగలగొడితే తలుపుతోపాటు గోడ కూడా వస్తుందేమో అనిపిస్తుంది. చంపే సీన్లు దగ్గరగా, వివరంగా, చప్పుడు చప్పుడుగా ఉంటాయి. కొత్తగా వచ్చే హారర్‌కు అలవాటుపడిన కుర్రాళ్ళకు ఇది తెలిసిన రుచే.

పాతదాంట్లో ఆ గంటసేపూ ఏం జరుగుతుందో చెప్తాను. పట్టపగలు, మంచి ఎండలో, వాడు ఎక్కడో ఒకచోట నిలబడి ఉంటాడు, అంతే. బడి కిటికీ అవతల కారు పక్కన ఒకసారి, వీధి చివర చెట్ల కంచె పక్కన ఒకసారి. మళ్ళీ చూస్తే ఉండడు. ఒకచోట లారీ తన గది కిటికీలోంచి కిందికి చూస్తుంది. పెరట్లో తీగ మీద తెల్ల దుప్పట్లు ఆరేసి ఉంటాయి. వాటి మధ్యలో వాడు నిలబడి పైకి చూస్తుంటాడు.

సరిగ్గా ఆ షాట్‌కు మా మిద్దె మీద గాలి వచ్చింది. పాలకొండల వైపు నుంచి రాత్రిపూట అలా ఒక్కోసారి వస్తుంది. మా దుప్పటి ఉబ్బింది. దుప్పటి మీద దుప్పట్లు, వాటి మధ్య ఆ తెల్ల ముఖం ఉబ్బి ముందుకొచ్చి మళ్ళీ వెనక్కి పోయింది. ఒక క్లిప్పు ఊడి కింద పడింది. ఎవరూ లేచి దాన్ని పెట్టలేదు. మా మేనల్లుడు ఫోన్ బోర్లించి పెట్టి, చాప మీద కొంచెం నా పక్కకు జరిగాడు. మర్నాడు పొద్దుటి దాకా మిద్దె మీద ఆరేసిన బట్టలు ఎవరూ తెచ్చుకోలేదు, మా వదినతో సహా. రెండూ దండగన్నది ఆమే మరి.

ఇంకో షాట్ దగ్గర మీరు కూడా ఆగి చూడాలి. చివర్లో లారీ చీకటి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఏడుస్తూ ఉంటుంది. ఆమె వెనక గుమ్మంలో వట్టి నలుపు. ఆ నలుపులోంచి ముసుగు మెల్లగా, చాలా మెల్లగా తేలుతుంది. వాడు నడిచి రాడు. అక్కడే ఉన్నాడు, మన కంటికి ఇప్పుడు ఆనుతున్నాడు. కరెంటు పోయిన ఇంట్లో కాసేపటికి మంచం, బీరువా కనబడతాయే, అలా. ఛాయాగ్రాహకుడు డీన్ కండీ చిన్న లైటు ఒకటి పెట్టి, దాని వెలుగును కొద్దికొద్దిగా పెంచి ఇది చేశాడు.

ఆ సినిమాకు పెట్టిన డబ్బే తక్కువ, సుమారు 3,25,000 డాలర్లు. ముసుగుకు రెండు డాలర్లు కూడా పెట్టలేదు. స్టార్ ట్రెక్ సీరియల్లో కెప్టెన్ కర్క్ ముఖం ముసుగు దుకాణంలో కొని, కళ్ళ దగ్గర బొక్కలు పెద్దవి చేసి, తెల్లరంగు స్ప్రే కొట్టారు. అక్టోబరు కథను వసంతంలో, అదీ కాలిఫోర్నియాలో తీశారు. అందుకని ఆకులకు గోధుమరంగు పూసి వీధిలో చల్లి, షాట్ అయ్యాక ఏరి సంచుల్లో పెట్టుకుని మళ్ళీ వాడారు. కొన్ని షాట్లలో వెనక పామ్ చెట్లు కనబడతాయి, చలి ప్రదేశమైన ఇల్లినాయ్‌లో! మా బాబాయి వాటిని పట్టేశాడు. సినిమా మాత్రం ప్రపంచవ్యాప్తంగా దాదాపు 7 కోట్ల డాలర్లు తెచ్చింది. రీమేక్‌కు 1.5 కోట్ల డాలర్లు పెట్టారు, 8 కోట్ల చిల్లర వచ్చింది. నష్టపోలేదు, 2009లో దానికి రెండో భాగం కూడా తీశారు. కాబట్టి రీమేక్‌ను జనం తిప్పికొట్టారనే మాట నమ్మకండి. సమీక్షకులు తిట్టారు, చూసేవాళ్ళు చూశారు.

సంగీతం దగ్గర పోటీ లేదు. కార్పెంటర్ తనే పియానో మీద కట్టిన బాణీ అది. ఐదు లెక్కల నడక. మృదంగం నేర్చుకున్నవాళ్ళు వింటే ఖండం అని వెంటనే పట్టేస్తారు. నాలుగు లెక్కలకు అలవాటైన చెవికి ప్రతిసారీ ఎక్కడో కాలు తడబడినట్టు ఉంటుంది, కూర్చోనివ్వదు. రీమేక్‌లోనూ ఈ బాణీనే వాడుకున్నారు. అక్కడ చుట్టూ ఇంత గోల ఉంది కాబట్టి వినబడేది తక్కువ.

చూసే ముందు సర్దుకోవాల్సినవి

మా బాబాయి పాతికేళ్ళు ఒక టాకీసులో ఆపరేటరుగా చేశాడు. సినిమా మొదలవగానే ఆయన అన్న మొదటి మాట, “ఇది స్కోపు బొమ్మ. అంచులు నరకొద్దు.” స్కోపు అంటే బాగా వెడల్పాటి బొమ్మ. ఫోన్లో చూసేవాళ్ళు పైనా కిందా నల్ల పట్టీలు ఉన్నాయని రెండు వేళ్ళతో సాగదీస్తారు. పాత హాలోవీన్‌కు అది చేశారంటే సినిమా చూడనట్టే. కార్పెంటర్ వాణ్ణి చాలాసార్లు నిలబెట్టింది ఆ అంచుల్లోనే. మీరు తెర నింపుకున్నారంటే వాణ్ణి ఇంట్లోంచి గెంటేసినట్టు లెక్క. ఇక భయమెక్కడిది?

వెలుతురు సంగతీ అంతే. టీవీలో బ్రైట్‌నెస్ విపరీతంగా పెంచితే గుమ్మంలో ముసుగు ముందే తెలిసిపోతుంది. వీధి దీపం తెర మీద పడితే అసలే కనబడదు. మేం ఎదురింటివాళ్ళను అడిగి వరండా లైటు తీయించాం. ఎందుకని అడిగారు, సినిమా అన్నాం, వాళ్ళ పిల్లోడు కూడా వస్తానన్నాడు. రానివ్వలేదు. రెండు సినిమాలూ పెద్దలకే. పాతదాంట్లోనూ ఒకటి రెండు చోట్ల నగ్నత్వం ఉంది. పిల్లల ముందు, అత్తమామల ముందు పెట్టుకుని తర్వాత రిమోట్ కోసం తడుముకోవద్దు.

రీమేక్ విషయంలో ఇంకో జాగ్రత్త. అది రెండు నిడివుల్లో దొరుకుతుంది. థియేటర్లలో వచ్చింది 109 నిమిషాలు. అన్‌రేటెడ్ అని ఉండేది 121 నిమిషాలు. మైకేల్ ఆసుపత్రి నుంచి తప్పించుకునే ఘట్టం రెండింటిలో వేరువేరుగా ఉంటుంది. 121 నిమిషాల దాంట్లో అక్కడ ఒక అత్యాచార దృశ్యం పెట్టారు. కథకు అది ఇచ్చేదేమీ లేదని నా అభిప్రాయం. 109 నిమిషాలదే చూడండి.

ఇంగ్లీషు అంతగా రానివాళ్ళకు పాతదే సుఖం. 91 నిమిషాల్లో మాటలు తక్కువ, ఉన్నవి నిదానంగా ఉంటాయి. వాడైతే నోరే తెరవడు. రీమేక్ మొదటి ఇరవై నిమిషాలు అందరూ ఒకేసారి అరుస్తుంటారు. సబ్‌టైటిల్స్ చదివేలోపు ఇంకో నాలుగు బూతులు వెళ్ళిపోతాయి.

మరి మీరు ఏది పెట్టుకోవాలి?

హాలోవీన్ ఎప్పుడూ చూడని మనిషైతే 1978. ఇందులో నాకు రెండో మాట లేదు. రీమేక్ ముందు చూస్తే వాడి ఇల్లు, తల్లి, బడి అన్నీ తెలిసిపోతాయి. ఆ తర్వాత పాతది పెట్టుకుంటే దుప్పట్ల మధ్య నిలబడినవాడు ఆకారంలా కనబడడు, రోనీ తిట్టిన పిల్లాడిలా కనబడతాడు. తెలిసింది మళ్ళీ తెలియకుండా పోదు కదా.

పాతది చూసేసి, అంత నెమ్మది మాకు పడలేదనుకునేవాళ్ళకు రీమేక్. నేరస్థుడి మనసు ఎలా తయారవుతుందో చూడాలనే ఆసక్తి ఉన్నవాళ్ళకు, మా టీచరమ్మ లాంటివాళ్ళకు, దాని మొదటి సగం తప్పకుండా పనికొస్తుంది. స్నేహితులంతా కూడి గోల చేస్తూ చూడ్డానికైనా రీమేకే. పాతది గోలలో చూస్తే చచ్చిపోతుంది.

పాతది బాగా నచ్చినవాళ్ళు మాత్రం రీమేక్ దాకా పోకుండా నేరుగా 2018కి వెళ్ళండి. లారీగా మళ్ళీ జేమీ లీ కర్టిస్ వేసింది. మొదటి సినిమా నాటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు, అదే ఆమె మొదటి సినిమా. ఇక్కడ అమ్మమ్మ అయింది. సంగీతంలో కార్పెంటర్ చెయ్యి కూడా ఉంది. రెండూ ఒకే రాత్రి వరసగా వేసుకోవచ్చు, నిద్ర సంగతి మీ ఇష్టం.

పనిలో పని, ఇలాంటి పాత, కొత్త జంటలు ఇంకొన్ని ఉన్నాయి. వాటి గురించి త్వరగా చెప్పేస్తాను.

సైకో: 1960లో హిచ్‌కాక్ తీసిన నలుపు తెలుపు సినిమాను 1998లో గస్ వాన్ సాంట్ ఇంచుమించు షాట్‌కు షాట్ రంగుల్లో తీశాడు. పాత దాంట్లో స్నానాలగదిలో పారే రక్తం నిజానికి చాక్లెట్ సిరప్. రంగు లేకపోవడమే దానికి బలం. కొత్తది సినిమా చదువుకునేవాళ్ళకు వదిలేయండి. అన్నట్టు ఆ స్నానాలగదిలో చనిపోయే జానెట్ లీ, మన లారీ వేషం వేసిన జేమీ లీ కర్టిస్‌కు సొంత తల్లి. డాక్టర్ లూమిస్ పేరు కూడా సైకోలోంచి తెచ్చుకున్నదే.

టెక్సాస్ చైన్ సా మాసకర్: రీమేక్ కూడా చూడమని నేను ధైర్యంగా చెప్పేది ఇదొక్కటే. 1974 సినిమాకూ 2003 రీమేక్‌కూ ఛాయాగ్రాహకుడు ఒక్కడే, డేనియల్ పెర్ల్. ఒకే మనిషి ఒకే కథను రెండు రకాలుగా ఎలా చూశాడో పోల్చుకోవచ్చు. అయినా ముందు పాతదే చూడండి. టెక్సాస్ నడివేసవిలో తీశారు. ఆ ఎండ, ఆ చెమట, ఇంట్లో కుళ్ళిన మాంసం వాసన తెర దాటి వస్తాయి. మే నెలలో కడపలో కూర్చుని చూస్తే ఎఫెక్టులు వేరే అక్కర్లేదు.

ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్: 1984లో వెస్ క్రేవన్ తీసిన దాంట్లో నిద్రపోతున్న అమ్మాయి మంచం పైన గోడ ఉబ్బి, దాంట్లోంచి ఒక మనిషి ఆకారం వంగుతుంది. సాగే గుడ్డను గోడలా బిగించి వెనక నుంచి మనిషి నొక్కాడు, అంతే. 2010 రీమేక్‌లో అదే షాట్ కంప్యూటర్‌తో చేశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. గుడ్డే గెలుస్తుంది.

ఫ్రైడే ద థర్టీన్త్ సంగతి వేరు. హాకీ ముసుగేసుకుని చంపే జేసన్ కోసం 1980 సినిమా పెట్టుకుంటే మోసపోయామనుకుంటారు. ఆ ముసుగు వచ్చింది 1982లో, మూడో భాగంలో. కేవలం ముసుగువాణ్ణి చూడాలనుకునేవాళ్ళకు 2009 రీమేక్ చాలు. మై బ్లడీ వాలెంటైన్ అయితే 1981దే చూడండి, కెనడాలో నిజం బొగ్గుగనిలో దిగి తీశారు. మంగంపేట ముగ్గురాయి గని చూసిన కళ్ళకు గని అంటే ఆకాశం కనబడే పెద్ద గొయ్యి. ఇక్కడ తలకు తగిలే కప్పు, హెల్మెట్ దీపం, దాని అవతల చీకటి. 2009ది త్రీడీ కోసం తీశారు, మామూలు టీవీలో చూస్తే మన మీదికి పికాసులు ఊరికే విసురుతున్నట్టుంటుంది.

మా మిద్దె మీద వచ్చే శనివారం 2018ది. దుప్పటి ఇవ్వడం కుదరదని వదిన తేల్చి చెప్పింది, ఉతికి మడతపెట్టి బీరువాలో పెట్టేసింది కూడా. మెట్లగది గోడకు మా బాబాయి సున్నం కొడుతున్నాడు. ఒక పట్టు అయింది, ఇంకో పట్టు కొడితే బొమ్మ బాగా తేలుతుందట. గోడైతే గాలికి ఊగదు కదా అని మా మేనల్లుడు ఇప్పటికే రెండుసార్లు అడిగాడు.